ఎముక పట్టుకున్న పన్ను: ఇంప్లాంట్లపై పూతలు ఏం చేస్తాయి?



మాది ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలోని ఏరియూరు. ఇంట్లో మాట్లాడింది తెలుగు, బడిలో చదివింది తమిళం. నా చిన్నతనంలో మా వీధిలో తెల్లటి పళ్ళున్న పిల్లలు తక్కువ. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు పడేవి. అది మా ఊరి రాత అనుకునేవాళ్ళం. ఆ తర్వాత నేను లోహశాస్త్రం చదివి, యంత్ర భాగాలకు పూతలు వేసే పనిలో చేరాను. ఆ చదువు ఒక రోజు మా నాయన నోటి విషయంలో అక్కరకు వస్తుందని ఊహించలేదు.

నాయనకు కింది దవడలో రెండు దంతాలు పోయాయి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు ఆయనకు నచ్చలేదు. ఒక ఆవును అమ్మి ఇంప్లాంట్ పెట్టించుకున్నారు. మూడు నెలలు ఆగి పైపన్ను బిగిస్తామన్నారు. నాలుగో వారంలో మా చెల్లెలి పెళ్ళి. పెళ్ళికి పన్ను ఉండాలని నాయన పట్టుబట్టారు. వాళ్ళు బిగించారు. పెళ్ళి భోజనం బాగానే తిన్నారు కానీ, రెండు నెలలకే ఇంప్లాంట్ కదిలి, తీసేయాల్సి వచ్చింది. తొందరపెట్టింది మేము, గట్టిగా వద్దనలేకపోయింది వాళ్ళు. "మంచి కోటింగ్ ఉన్నది వేసి ఉంటే నిలిచేదా?" అని నాయన నన్ను అడిగారు. దానికి జవాబు వెతుకుతూ తెలుసుకున్నవే ఈ వ్యాసం.

టైటానియం ఎందుకు?

ఇంప్లాంట్ అంటే పంటి వేరుకు బదులు దవడ ఎముకలో బిగించే చిన్న మర. దాన్ని ఎక్కువగా టైటానియంతో చేస్తారు. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణను చూడటానికి టైటానియం పరికరం అమర్చారు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టుకుపోయింది. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు పెట్టారు. అవి ఆ వ్యక్తికి నలభై ఏళ్ళకు పైగా పనిచేశాయి.

గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందంతో ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీరం చూసేది లోహాన్ని కాదు, ఆ పొరను. అందుకే ఇంప్లాంట్ విషయంలో అసలు కథంతా ఉపరితలంలోనే ఉంది.

పూత, గరుకుదనం

తొలినాటి ఇంప్లాంట్లు నున్నగా ఉండేవి. కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగేవారు. ఆ గడువు తగ్గించడానికి రెండు దారులు వచ్చాయి.

మొదటిది నిజమైన పూత. ఎముకలో ఉండే ఖనిజం హైడ్రాక్సీఅపటైట్‌ను పోలినది. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఆ పదార్థాన్ని పొడిచేసి, పది వేల డిగ్రీలకు మించిన ప్లాస్మా జ్వాలలోంచి లోహం మీదకు చిమ్ముతారు. నేను పంపు షాఫ్టులకు వేసే పూత పద్ధతి కూడా ఇదే, పొడి మాత్రమే వేరు. 1980లలో ఈ పూతకు మంచి ఆదరణ లభించింది. ఎముక త్వరగా దగ్గరయ్యేది. కానీ చిక్కులూ కనిపించాయి. అంత వేడికి పొడిలో కొంత భాగం వేరే పదార్థాలుగా మారి, శరీరంలో త్వరగా కరిగేది. కొన్నిచోట్ల పూత లోహాన్ని వదిలి పొరగా ఊడేది. ఎముక పూతను గట్టిగానే పట్టుకుంది, పూతే లోహాన్ని పట్టుకోలేదు! తుంటి కీళ్ళ ఇంప్లాంట్లకు ఈ పూతను ఇప్పటికీ వాడుతున్నారు. పళ్ళ ఇంప్లాంట్లలో మాత్రం రెండో దారి ముందుకొచ్చింది.

రెండో దారి పూత లేకుండా లోహాన్నే గరుకు చేయడం. నున్నటి గోడ మీద కొత్త ప్లాస్టరింగ్ నిలవదని మేస్త్రీ ముందు గాట్లు కొడతాడు కదా, అదే సూత్రం. టైటానియం మీద సన్నటి గట్టి రేణువులను వేగంగా కొట్టి, తర్వాత ఆమ్లంలో ముంచుతారు. ఒకటి రెండు మైక్రోమీటర్ల గుంటలు పడతాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లని గుర్తుంచుకుంటే అవి ఎంత చిన్నవో తెలుస్తుంది. రక్తపు గడ్డ ఆ గుంటలను పట్టుకుంటుంది, దాని వెంట ఎముక కణాలు వస్తాయి. ఈ పద్ధతితో చాలామందిలో నిరీక్షణ ఆరు నుంచి ఎనిమిది వారాలకు తగ్గింది.

మా ఊరివాళ్ళు ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. 2004 ప్రాంతంలో స్వీడన్‌లోని ఆస్ట్రా టెక్ సంస్థ గరుకు చేసిన టైటానియంను పలచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో శుద్ధి చేసి, ఉపరితలంలో అతి కొద్ది ఫ్లోరైడ్ మిగిలేలా ఇంప్లాంట్ తెచ్చింది. ఎముక త్వరగా పట్టడానికి అది తోడ్పడుతుందని పరిశోధనలు చూపాయి. మా పళ్ళను పాడుచేసిన ఫ్లోరైడే అది! తేడా మోతాదులోనే ఉంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళూ ఎముకలూ దెబ్బతింటాయి. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించారు. మా జిల్లాకు 2013లో హొగెనకల్ కావేరి నీటి పథకం వచ్చింది.

నాయనకు చెప్పిన జవాబు

మర బిగించిన రోజున ఇంప్లాంట్ నిలిచేది బిగుతు వల్ల. తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముకలో కొంత కరిగి, కొత్తది పెరుగుతుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పాత పట్టు తగ్గి ఉంటుంది, కొత్త పట్టు ఇంకా రాదు. సరిగ్గా అప్పుడే మేము నాయన చేత పెళ్ళి భోజనం నమిలించాం. మామిడి అంటు కట్టినవాడు నెల తిరగక ముందే కట్టు విప్పి ఊపి చూడడు. ఉపరితలం ఎంత మంచిదైనా ఎముకను పిలుస్తుందే తప్ప, ఎముక చేయాల్సిన పని తాను చేయదు. కొందరికి వెంటనే పన్ను బిగించవచ్చు. ఆ నిర్ణయం బిగుతు కొలిచిన డాక్టరుది కావాలి, పెళ్ళి ముహూర్తానిది కాకూడదు.

ఎముక పూడాక నాయనకు మళ్ళీ ఇంప్లాంట్ పెట్టించాం. ఈసారి బీడీ మానారు, షుగర్ అదుపులో పెట్టుకున్నారు, మూడు నెలలు ఆగారు. ఇప్పుడు రాగి సంగటే కాదు, మురుకులు కూడా నములుతున్నారు.

తల్లిదండ్రులు డాక్టరును అడగవలసినవి: నా ఎముక సరిపోతుందా? ఉపరితలం ఏ రకం? ఎన్ని వారాలు ఆగాలి? పొగ అలవాటు, షుగర్, తాగి పెరిగిన నీళ్ళ సంగతి మనమే ముందు చెప్పాలి.

విద్యార్థులకు ఒక మాట

ఈ రంగంలోకి రావడానికి దంతవైద్యం ఒక్కటే దారి కాదు. బీడీఎస్‌కు నీట్ రాయాలి. లోహశాస్త్రం చదవదలచినవారికి సేలం ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల, తిరుచ్చి ఎన్‌ఐటీ, ఐఐటీ హైదరాబాద్ ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో పూతలపై ప్రత్యేకంగా పనిచేస్తారు. టైటానియం మీద లేజర్‌తో టాంటలం పూత వేసి, ఎముక కణాలు ఎలా పెరుగుతాయో చూసిన 2010 నాటి అమెరికా పరిశోధన పత్రంలో మొదటి పేరు బల్లా వంశీకృష్ణ. ఆ పేరు చదివిన రోజు నాకు ఎంతో సంతోషం కలిగింది.

చారల పళ్ళతో నవ్వడానికి సిగ్గుపడే పిల్లలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ చారలు ఎందుకు పడ్డాయని అడగడం మొదలుపెట్టండి. నా చదువు కూడా అక్కడే మొదలైంది.