మీకు తెలుసా? ఆకాశవాణి బాణీ ఓ యూదు శరణార్థిది

హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లలో ఎందరి అమ్మానాన్నలకో పొద్దు రేడియోతోనే తెల్లవారేది. ప్రసారాలు మొదలయ్యే ముందు, తంబూరా శ్రుతి మీద సాగే ఆ వయొలిన్ నాదం గుర్తుందా? శివరంజని ఛాయలున్న ఆ బాణీ కట్టినవాడు వాల్టర్ కాఫ్‌మన్. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకునేనాటికే దాని వయసు ఆరు దశాబ్దాలు.

ఆయన 1907లో, నేటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్‌లో పుట్టాడు. నాజీల నీడ ఐరోపాను కమ్ముతుండగా 1934లో బొంబాయి చేరాడు. మన సంగీతం మొదట్లో ఆయనకు బొత్తిగా కొరుకుడుపడలేదు. అయినా వదల్లేదు, పట్టుబట్టి నేర్చుకున్నాడు. నాకు ఆయనలో బాగా నచ్చేది ఇదే. 1937 నుంచి 1946 దాకా బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు, సినిమాలకూ సంగీతమిచ్చాడు. భార్య గెర్టీ, రచయిత కాఫ్కాకు మేనకోడలు.



ఆ తర్వాత కెనడా, అమెరికాల్లో స్థిరపడినా రాగాలను మరిచిపోలేదు. దక్షిణ భారత రాగాలపై ఆయన రాసిన పెద్ద గ్రంథం 1976లో వచ్చింది. 1984లో కన్నుమూశాడు. ఆయన ఛాంబర్ సంగీతాన్ని టొరంటో కళాకారులు 2020లో ఆల్బమ్‌గా తెచ్చారు. తప్పక వినండి.