మన మస్జిద్ గడియారం ఎంత సరిగ్గా నడుస్తోంది?

ఐదు పూటల నమాజుకు ఐదు వేళలున్నాయి. రోజాకు ఒక మొదలు, ఒక ముగింపు ఉన్నాయి. వీటన్నింటికీ మూలం సూర్యుడు. కానీ నేడు మనలో ఎవరూ ఆకాశం వైపు చూసి సహర్ ముగించడం లేదు, నీడ కొలిచి అసర్ చదవడం లేదు. గోడ మీది గడియారాన్ని, పక్కన అతికించిన టైంటేబుల్ కాగితాన్ని చూసుకుంటున్నాం. ఆ రెండూ సరిగ్గా ఉంటేనే మన వేళలు సరిగ్గా ఉంటాయి. గడియారాలు విప్పి చూడడం, వాటి నడక కొలవడం నాకు చాలా ఏళ్ల నుంచి ఉన్న సరదా. దాని వల్ల తెలిసిన విషయాలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలోని మస్జిద్ కమిటీలకు, ఇళ్లలోని వారికి పనికివస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

హైదరాబాద్ కాగితం మనకు సరిపోతుందా?

భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కించిన కాలం. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర, మన వైపు కాకినాడ దగ్గర నుంచి పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. జగిత్యాల సుమారు 78.9 డిగ్రీల మీద ఉంది కనుక ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చే సరికి గడియారంలో సగటున 12 గంటల 14 నిమిషాలు అవుతుంది. కోరుట్ల ఇంకాస్త పడమరన ఉంది కనుక అక్కడ 12 గంటల 15 నిమిషాలు. అంటే జగిత్యాలకు, కోరుట్లకు మధ్యనే ముప్పావు నిమిషం తేడా ఉంది.

ఇది సగటు మాత్రమే. భూమి సూర్యుని చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని అక్షం కూడా వంగి ఉంది. అందువల్ల జగిత్యాలలో నవంబర్ మొదటి వారంలో 11 గంటల 58 నిమిషాలకే జవాల్ అవుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో అది 12 గంటల 28 నిమిషాలు దాటిన తర్వాత గానీ కాదు. జొహర్ వేళ ఏడాదిలో అరగంట అటూ ఇటూ జరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన ఊళ్లలో చాలా ఇళ్లలో హైదరాబాద్ టైంటేబులే కనిపిస్తుంది. మనం హైదరాబాద్‌కు కొంచెం తూర్పున, ఒకటిన్నర డిగ్రీల దాకా ఉత్తరాన ఉన్నాం. తూర్పున ఉన్నందుకు వచ్చే తేడా ఏడాది పొడుగునా ఒకటే, జగిత్యాలకు నిమిషం ముప్పావు. ఉత్తరాన ఉన్నందుకు వచ్చే తేడా మాత్రం కాలంతో పాటు మారుతుంది. రెండూ కలిపి లెక్క వేస్తే ఇలా వస్తుంది:

డిసెంబర్ చివరలో జగిత్యాలలో సూర్యాస్తమయం హైదరాబాద్ కంటే నాలుగు నిమిషాలకు పైగా ముందే అవుతుంది. జూన్‌లో అదే సూర్యాస్తమయం దాదాపు ఒక నిమిషం ఆలస్యం అవుతుంది. అంటే జూన్‌లో వచ్చే రోజాల్లో హైదరాబాద్ కాగితం చూసి ఇఫ్తార్ చేస్తే సూర్యుడు అస్తమించక ముందే రోజా విడిచే ప్రమాదం ఉంది. ఇక ఫజర్ సంగతి. సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల కింద ఉన్నప్పుడు ఫజర్ మొదలవుతుందనే లెక్క ప్రకారం జూన్‌లో జగిత్యాలలో ఫజర్ హైదరాబాద్ కంటే ఐదు నిమిషాలకు పైగా ముందే వస్తుంది. హైదరాబాద్ సమయం దాకా తింటూ కూర్చుంటే ఆ ఐదు నిమిషాలు ఫజర్ వేళలోనివే. రంజాన్ ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఫజర్ తేడా ఒక నిమిషానికి తగ్గుతుంది, ఇఫ్తార్ తేడా మూడు నిమిషాలు ఉంటుంది.

కనుక "హైదరాబాద్ సమయానికి రెండు నిమిషాలు కలపండి" అనే ఒకే సూత్రం ఏడాదంతా పనిచేయదు. జిల్లా వారీగా, అక్షాంశం రేఖాంశం పెట్టి లెక్కించిన టైంటేబుల్ కావాలి. టైంటేబుల్ వేసేవారు చాలాసార్లు ఎహతియాత్ కోసం రెండు మూడు నిమిషాలు వదిలిపెడతారు. గడియారం సరిగ్గా లేకపోతే ఆ జాగ్రత్త మొత్తం గడియారం తప్పులోనే కరిగిపోతుంది.

గల్ఫ్ నుంచి వచ్చిన అజాన్ గడియారం

మన మూడు ఊళ్లలో గల్ఫ్‌కు పోని కుటుంబం తక్కువ. వచ్చేటప్పుడు తెచ్చే వస్తువుల్లో అజాన్ ఇచ్చే డిజిటల్ గడియారం ఒకటి. మంచి వస్తువే, కానీ అందులో మూడు సెట్టింగులు చూసుకోవాలి. మొదటిది ఊరు. జాబితాలో మన ఊరు లేకపోతే అక్షాంశం, రేఖాంశం చేతితో ఇచ్చే వీలుందేమో చూడాలి. జగిత్యాలకు 18.8, 78.9, కోరుట్లకు 18.8, 78.7, సిరిసిల్లకు 18.4, 78.8 అని ఇస్తే చాలు. రెండోది లెక్క పద్ధతి. సౌదీలో వాడే ఉమ్ముల్ ఖురా పద్ధతిలో ఇషా మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలకు, రంజాన్‌లో 120 నిమిషాలకు వస్తుంది. మన దగ్గర వాడేది కరాచీ పద్ధతి, అందులో ఫజర్‌కు, ఇషాకు 18 డిగ్రీలు. మూడోది అసర్. షాఫయీ అని ఉంటే హనఫీ వేళ కంటే కాలాన్ని బట్టి ముప్పావు గంట నుంచి గంటకు పైగా ముందే అజాన్ వస్తుంది. ఏ పద్ధతి పాటించాలో చెప్పవలసింది ఉలమా. వారు చెప్పినది గడియారంలో ఉందా లేదా చూడడం మన పని.

గడియారం లోపల ఏం జరుగుతుంది?

సెల్లు వేసే ప్రతి గోడ గడియారంలో చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేను సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. లోపలి చిప్ దాన్ని పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒక దెబ్బ మిగులుతుంది. ఆ దెబ్బకే ముల్లు కదులుతుంది.

మామూలు స్ఫటికం పది లక్షలకు ఇరవై వంతుల దాకా తప్పుతుంది. వినడానికి చిన్నదే, కానీ రోజుకు ఒకటిన్నర సెకనుకు పైగా, నెలకు యాభై సెకన్లు. మూడు నెలలు ఎవరూ ముట్టుకోకపోతే రెండున్నర నిమిషాలు. అంటే టైంటేబుల్‌లో పెట్టిన ఎహతియాత్ అంతా పోయినట్టే.

దీనికి మన ఎండలు తోడవుతాయి. ఈ స్ఫటికాలు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోసి ఉంటాయి. వేడి పెరిగినా, చలి పెరిగినా నెమ్మదిస్తాయి. గది 45 డిగ్రీలకు చేరితే రోజుకు ఒక సెకనుకు పైగా వెనకబడతాయి. అందుకే పడమటి ఎండ తగిలే గోడకు, రేకుల కప్పు కిందికి గడియారం తగిలించవద్దు.

చావి ఇచ్చే పాత లోలకం గడియారాలకు కూడా ఇదే ధర్మం. ఇనుప కడ్డీ ఎండకు సాగుతుంది. ఇరవై డిగ్రీలు వేడెక్కితే రోజుకు దాదాపు పది సెకన్లు ఆలస్యం. లోలకం కింద ఉండే మర సరిచేయడానికే ఉంది. వెనకబడితే పైకి, ముందుకు పోతే కిందికి తిప్పాలి. మీటరు దాకా పొడవున్న లోలకంలో ఒక మిల్లీమీటరు మార్పుకు రోజుకు 43 సెకన్ల తేడా వస్తుంది కనుక పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగి చూడాలి. ఇరుసులకు కొబ్బరి నూనె వేయవద్దు. అది గడ్డకట్టి దుమ్ము పట్టి గడియారాన్నే ఆపేస్తుంది.

మస్జిద్‌లో ఎర్ర అంకెల ఎల్‌ఈడీ బోర్డు కొనేటప్పుడు లోపల ఏ చిప్ ఉందో అడగండి. డీఎస్1307 అనే చిప్ బయటి స్ఫటికం మీద ఆధారపడుతుంది, ఎండకు తప్పుతుంది. డీఎస్3231 అనేది వేడిని తానే కొలుచుకుని సవరించుకుంటుంది, ఏడాదికి నిమిషానికి మించి తప్పదు. కరెంటు పోయి రాగానే బోర్డు సమయం మరిచిపోతుంటే లోపలి బిళ్ల సెల్లు అయిపోయిందని అర్థం.

సరైన సమయం ఎక్కడ దొరుకుతుంది?

1967 నుంచి సెకను అంటే సీజియం పరమాణువు నుంచి వచ్చే తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించే కాలం. మన దేశ సమయాన్ని ఇటువంటి గడియారాలతో నడిపేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్ అనే సర్వర్ పేరు పెడితే ఆ సమయమే వస్తుంది. సెల్‌ఫోన్‌లో ఆటోమేటిక్ టైం పెట్టి ఉంచితే నమాజు వేళలకు అది చాలు. టీవీలో కనిపించే గడియారాన్ని మాత్రం ప్రమాణంగా తీసుకోవద్దు. బొమ్మ ఉపగ్రహం మీదుగా తిరిగి వచ్చే సరికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది.

జీపీఎస్ ఉపగ్రహాల్లో కూడా పరమాణు గడియారాలే ఉంటాయి. సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం గడియారాలు చెడిపోతే 2018లో దాని స్థానంలో మరో ఉపగ్రహాన్ని పంపవలసి వచ్చింది. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబిడియం గడియారం ఉంది.

సరదాగా ఈ పని చేసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. సెల్ టవర్ల నుంచి తీసేసిన రుబిడియం ఆసిలేటర్లు కొని, బాగుచేసి, జీపీఎస్‌తో పోల్చి సరిచూసుకుంటారు. అమెరికాలో టామ్ వాన్ బాక్ అనే ఆయన 2005లో తన ఇంట్లోని సీజియం గడియారాలను, పిల్లలను కారులో ఎక్కించుకుని రెయినియర్ పర్వతం మీదికి వెళ్లి రెండు రాత్రులు ఉన్నారు. కిందికి వచ్చాక ఆ గడియారాలు సుమారు 22 నానోసెకన్లు ముందున్నాయి. ఎత్తుకు పోతే కాలం వేగంగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పినది ఒక తండ్రి తన పిల్లలకు అలా చూపించారు.

మనకు ఇది కొత్త విద్య కాదు. మస్జిద్‌లో వేళలు లెక్కించేవారిని మువఖ్ఖిత్ అనేవారు. 14వ శతాబ్దంలో దమస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిద్ మువఖ్ఖిత్ ఇబ్నుల్ షాతిర్ గొప్ప ఖగోళ శాస్త్రవేత్త. 1371లో ఆయన ఆ మస్జిద్ మినార్ మీద నీడ గడియారం అమర్చారు. మన హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన వేధశాలే తర్వాత నిజామియా అబ్జర్వేటరీ అయింది.

మనం చేయగలిగింది

ప్రతి మస్జిద్ కమిటీ ఒకరికి ఈ బాధ్యత అప్పగించాలి. చదువుకుంటున్న కుర్రవాడైతే ఇంకా మంచిది. ఒక నోటుబుక్ పెట్టి, ప్రతి జుమా నమాజు తర్వాత ఫోన్ సమయంతో పోల్చి గడియారం ఎన్ని సెకన్లు ముందు, ఎన్ని సెకన్లు వెనుక ఉందో రాయాలి. నాలుగు వారాలు రాస్తే దాని నడక తెలిసిపోతుంది. ప్రతి వారం ఒకే విధంగా తప్పే గడియారం చెడ్డది కాదు, సవరిస్తే సరిపోతుంది. ఒక వారం ముందుకు, ఒక వారం వెనక్కి పోయేదాన్ని మార్చాలి. సెల్లు ఏడాదికి ఒకసారి, షాబాన్ నెలలో మార్చండి. అప్పుడు రంజాన్‌లో ఆగదు.

ఊరంతటికీ ఒకే టైంటేబుల్, ఒకే సరైన గడియారం ఉంటే ఒక మస్జిద్‌లో అజాన్ అయి మరో మస్జిద్‌లో కాకపోవడం, రోజాదారులు ఎవరి మాట వినాలో తెలియక చేతిలో ఖర్జూరం పట్టుకుని కూర్చోవడం తప్పుతుంది. పిల్లలకూ మేలే. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వంటి పరీక్షలకు నిమిషం ఆలస్యమైతే లోపలికి పంపరు, అక్కడ ఇంటి గడియారం తప్పు అంటే ఎవరూ వినరు.

మరో ఉపయోగం ఉంది. ప్రతి ఏటా మే 27 లేదా 28న మన సమయం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 15 లేదా 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా మీద ఉంటాడు. ఆ నిమిషాన నిలువుగా పాతిన కర్ర నీడకు ఎదురు దిక్కే ఖిబ్లా. జూలైలో మబ్బులుంటాయి కనుక మే నెలను వదులుకోవద్దు. సరైన గడియారం, ఒక కర్ర, ఒక దారం గుండు ఉంటే చాలు. కొత్త మస్జిద్ కట్టేవారు, ఇంట్లో జానమాజ్ పరిచేవారు పిల్లలను వెంట పెట్టుకుని ఈ పని చేయండి.

2030 డిసెంబర్ చివరలో రంజాన్ మళ్లీ చలికాలంలోకి వస్తుంది. అప్పటికి మన ఊళ్ల కాగితం మనమే లెక్కించుకుని, మన గడియారాలు మనమే సరిచేసుకునే స్థితిలో ఉండాలి. వేళను కాపాడేవారిని అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.