వీడియోలో కుంకుమ రంగు ఎందుకు మారుతుంది?

విజయనగరంలో విజయదశమి తరువాత వచ్చే మంగళవారంనాడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన మాను కొనపై ఆసీనుడైన పూజారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఊరేగుతాడు. పసుపు, కుంకుమ, తెల్లని పంచెలు – ఆనాడు ఆ వీధిలో రంగులకు లోటుండదు. ఒక ఉపాధ్యాయుడు ఈ దృశ్యాన్ని చిత్రించి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో కూర్చి, విద్యార్థులకు పంపాడనుకోండి. ఎడిటింగ్ తెరపై చక్కగా ఉన్న కుంకుమ ఒక ప్లేయరులో నల్లబారినట్లు కనిపిస్తున్నది. మరొక ప్లేయరులో చిత్రమంతా వెలిసిపోయినట్లున్నది. ఫైలు ఒక్కటే. అందులోని అంకెలు మారలేదు. మరి రంగు ఎక్కడ మారింది?

అంకెలను చదివే పద్ధతిలో మారింది. పూర్వం ధాన్యాన్ని కుంచాలతో కొలిచేవారు. కుంచం అన్నిచోట్లా ఒకే పరిమాణంలో ఉండేది కాదు. చీటీలో "పది కుంచాలు" అని మాత్రమే వ్రాసి, ఏ ఊరి కుంచమో వ్రాయకపోతే తగాదా తప్పదు. వీడియో ఫైలులోని అంకెల సంగతీ అంతే.

కెమేరా ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలను గ్రహిస్తుంది. వీడియోలో వీటిని సాధారణంగా ఉన్నవి ఉన్నట్లుగా దాచరు. మూడింటినీ తగు పాళ్ళలో కలిపి వెలుగును తెలిపే ఒక సంకేతాన్నీ, నీలం ఆ వెలుగుకంటె ఎంత భిన్నమో, ఎరుపు ఎంత భిన్నమో తెలిపే మరి రెండు సంకేతాలనూ తయారుచేస్తారు. రంగుల టెలివిజన్ వచ్చిన కొత్తలో నలుపు-తెలుపు సెట్లు కూడా ఆ ప్రసారాన్ని అందుకోవడానికి చేసిన ఏర్పాటు ఇది. ఆ సెట్లు పోయినా ఏర్పాటు నిలిచింది.

చిక్కు ఆ పాళ్ళలోనే ఉన్నది. 1982లో నిర్ణయమైన 601వ ప్రమాణం ప్రకారం వెలుగులో ఎరుపు పాలు 0.299, ఆకుపచ్చ 0.587, నీలం 0.114. అధిక స్పష్టత గల టెలివిజన్ కొరకు 1990లో వచ్చిన 709వ ప్రమాణం వీటిని 0.2126, 0.7152, 0.0722గా మార్చింది. ఒక పాళ్ళతో కట్టిన మూటను మరొక పాళ్ళతో విప్పితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. కుంకుమ విలువలు ఎరుపు 200, ఆకుపచ్చ 20, నీలం 30 అనుకుంటే, 709తో కట్టి 601తో విప్పినప్పుడు అవి సుమారు 185, 0, 31 అవుతాయి, కుంకుమ ముదురుతుంది. అటుదిటైతే 215, 38, 28 వస్తాయి. కుంకుమ కాస్త సిందూరం వైపు జరుగుతుంది. పై తరగతి విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేయదగును.

ఇది అరుదైన పొరపాటు కాదు. పల్లెలకు పంపడానికి తేలికగా ఉంటుందని 1080 గీతల చిత్రాన్ని 480 గీతలకు కుదించినప్పుడు, ఏ పాళ్ళు వాడారో తెలిపే గుర్తు ఒక్కొక్కసారి జారిపోతుంది. గుర్తు లేని చిన్న చిత్రాన్ని చూచి, ఇది పాత పద్ధతిదే అయి ఉంటుందని పలు ప్లేయర్లు ఊహిస్తాయి.

రెండవ కారణం వ్యాప్తి. టెలివిజన్ సంప్రదాయంలో నలుపుకు 16, తెలుపుకు 235 కేటాయించారు. కంప్యూటరు తెరకు నలుపు 0, తెలుపు 255. మొదటి రకం అంకెలను రెండవ రకంగా చదివితే నలుపు బూడిద రంగుకు దిగి, తెలుపు మాసిపోతుంది. రెండవ రకాన్ని మొదటి రకంగా చదివితే నష్టం మరీ ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, సన్నని నూలు వడికి నేసే ఖద్దరు ప్రసిద్ధమైనది. దాని మడతలో 238, 246 విలువలు గల రెండు చాయలు ఉన్నా, 235కు పైబడినదంతా ఒకే తెలుపవుతుంది కనుక నేత కనబడదు. వీడియో చూచి బట్ట కొనేవారికి ఏ బట్టైనా ఒక్కటే అనిపిస్తుంది. నేతగాని పనితనం తెర మీద మాయమవుతుంది.

మూడవది, అంకె పెరిగేకొద్దీ వెలుగు ఎలా పెరుగుతుందన్న నియమం. దీనిని గామా అంటారు. తెలుపులో సగం అంకెకు, గామా 2.4 అయితే వెలుగు నూటికి సుమారు 19 పాళ్ళు, 2.2 అయితే 22. కొన్ని ప్లేయర్లు అనుసరించే 1.96 అయితే 26. నలుపు, తెలుపు కదలవు. నడిమి చాయలు మాత్రమే పాలిపోతాయి.

దోషం ఏదో కనిపెట్టడానికి తరగతిలోనే ఒక పరీక్ష చేయవచ్చు. నల్లని గొడుగు గుడ్డ, తెల్లని ఖద్దరు ముక్క, వాటి నడుమ బూడిద రంగు అట్ట, పక్కన చిటికెడు కుంకుమ ఉంచి చిత్రించి, ఎడిటింగ్ తెరనూ ప్లేయరునూ పోల్చాలి. నలుపు, తెలుపు రెండూ చెదిరితే దోషం వ్యాప్తిది. అవి నిలిచి అట్ట మాత్రం పాలిపోతే గామాది. ఈ మూడూ నిలిచి కుంకుమ ఒక్కటే మారితే పాళ్ళది. ఎందుకంటే రంగులేని వస్తువులో మూడు విలువలూ సమానం, పాళ్ళ మొత్తం ఎప్పుడూ 1, కనుక ఏ పాళ్ళతో విప్పినా అది మారదు. ఫోను తెరలోని మిరుమిట్ల రంగుల అమరిక కూడా ఎరుపును పెంచుతుంది. ముందుగా దానిని తీసివేయాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, తమ ప్లేయరులో బాగా కనబడేవరకు రంగులు దిద్దడం. అది మిగిలిన ప్లేయర్లన్నిటిలో చెడుతుంది. ఎడిటింగ్ తెరే సత్యమని నమ్మడానికీ వీలులేదు. తెర స్వభావాన్ని లెక్కలోకి తీసుకోని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. చేయవలసినది ఫైలును వెలువరించేటప్పుడు రంగుల మూలాలు, గామా, పాళ్ళు – ఈ మూడింటికీ గుర్తులు వ్రాయించడం. 709కి మూడుచోట్లా 1 అనే అంకె ఉంటుంది. వ్యాప్తి గుర్తు వేరు. కుదించిన తరువాత ఆ గుర్తులు ఇంకా ఉన్నాయో లేదో మరొకసారి చూచుకోవాలి.