పాత గొంతు, కొత్త మోత

పాత రికార్డులోని గొంతును విడదీసి, దాని కింద యంత్రతాళం పరిచి కొత్త పాట కట్టడం నిన్న మొన్నటి విద్య కాదు. 1948లో పారిస్‌లో పియర్ షాఫర్ రికార్డయిన శబ్దాలనే ముడిసరుకు చేసుకున్నాడు. 1965లో అమెరికాలో స్టీవ్ రైష్ ఒక వీధి మతబోధకుని మాటను టేపుచుట్టలుగా చేసి రెండు యంత్రాల మీద తిప్పాడు. రెండూ కొద్దికొద్దిగా ఎడమయ్యేసరికి మాట అర్థాన్ని వదిలి నాదమైపోయింది. అప్పుడు కత్తెర కావలసివచ్చింది. ఇప్పుడు వాయిద్యాల నుంచి గొంతును కంప్యూటరే వేరుచేసి ఇస్తున్నది. కనుకనే ఆ విద్య మా చౌటుప్పల్ పెళ్లి బారాత్‌లకూ, బతుకమ్మ ఆటకూ వచ్చింది.

దీనితో జానపదం చచ్చిందనే మిత్రులతో నేను ఏకీభవించను. పాట చేతులు మారుతూనే బతికింది. సాయుధ పోరాటం నాటి ‘బండెనక బండి కట్టి’ని ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడలేదా?

నా అభ్యంతరం వేరు. నాట్లలో ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. చరణం చివర ఆమె ఊపిరి తీసుకునే ఖాళీ, వంతపాటకు విడిచిన చోటు. ఆమె గొంతును మాత్రమే విడదీస్తే అక్కడ మిగిలేది నిశ్శబ్దం. డి.జె. కుర్రవాడు దాన్ని కత్తిరిస్తాడు, లేదా మోతతో నింపుతాడు. పైగా చేతిపనితో పాటు సాగుతూ, కుదించుకుంటూ పోయే లయను నిమిషానికి ఇన్ని దెబ్బలని బిగించిన తాళంలో ఇరికిస్తాడు. పదిమంది పాట ఒక్కరిదవుతుంది. ఇది రూపంలో చిన్న సవరణ అంటారేమో. నా దృష్టిలో మారింది వస్తువే.

ఆ ఒక్కరికైనా పేరు మిగులుతుందా? 1992లో ‘డీప్ ఫారెస్ట్’ బృందం ప్రపంచమంతా అమ్ముకున్న పాటలోని గొంతు సాలమన్ దీవుల అఫునక్వాది. ఆమె జోలపాటను రికార్డు చేసిన పరిశోధకుడు హ్యూగో జెంప్ ఆ వాడకాన్ని బహిరంగంగా ఖండించాడు. తైవాన్ అమీస్ తెగకు చెందిన డిఫాంగ్ దంపతుల గొంతును ‘ఎనిగ్మా’ వాడుకుంటే, వారు కోర్టుకెక్కవలసివచ్చింది. 1999లో రాజీ కుదిరింది.

అయితే కత్తెర పట్టినవాడు డి.జె. ఒక్కడే కాదు. మన జానపద గేయ సంకలనాలు తిరగేయండి. పల్లవి ఒక్కసారే అచ్చవుతుంది. వంత రావలసినచోట చుక్కలు. పాడినవారి పేరు ఉండవలసినచోట, చాలా పుస్తకాల్లో, సేకర్త పేరు.