తెరుచుకోని పీడీఎఫ్ – తప్పు ఎక్కడ?

స్కాలర్‌షిప్ గడువు చివరి రోజున లాలాపేట నెట్ సెంటర్‌లో దరఖాస్తు ప్రింట్ తీయబోతే “ఫైల్ పాడైంది” అని వస్తే ఎంత గుబులో మనకు తెలుసు. అలాంటి ప్రోగ్రాములు రేపు జావాలో రాసేది మీరే కావచ్చు.

పీడీఎఫ్ ఉత్త అక్షరాల ఫైల్ కాదు, బైట్ల ఫైల్. ఏ భాగం ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక చివర ఉంటుంది. బైట్లు మారితే ఆ లెక్క తప్పుతుంది.

పాడైన ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి, సేవ్ మాత్రం చేయవద్దు. మొదట పర్సెంట్ గుర్తు, పీడీఎఫ్ అనే అక్షరాలు, చివర ఈఓఎఫ్ ఉండాలి. మొదట్లోనే హెచ్‌టీఎంఎల్ కనిపిస్తే అది సర్వర్ పంపిన ఎర్రర్ పేజీ. చివర ఈఓఎఫ్ లేకపోతే ఫైల్ మధ్యలో తెగింది. ప్రోగ్రాంలో డాక్యుమెంట్‌ను క్లోజ్ చేశారో లేదో చూడండి. రెండూ ఉన్నా పేజీలు ఖాళీగా వస్తుంటే రైటర్‌తో పంపారేమో చూడండి. రైటర్ బైట్లను అక్షరాలనుకుని మార్చేస్తుంది. అవుట్‌పుట్‌స్ట్రీమ్‌తోనే పంపాలి.

పేరులో ఒత్తులు విడిపోతే అది వేరే జబ్బు. ఐటెక్స్ట్ 5కు తెలుగు ఒత్తులు కలపడం రాదు. 2016లో వచ్చిన ఐటెక్స్ట్ 7కు కూడా పీడీఎఫ్‌కాలిగ్రాఫ్ తోడు కావాలి.

ఆ ప్రింట్ కోసం ఎదురుచూసేది మనలాంటి పిల్లలే. ప్రోగ్రాం అప్పగించే ముందు ఒక్క ఫైలైనా తెరిచి చూడండి.