ఎవరి కాళ్లు ఎవరు కడగాలి?

ఈస్టర్ ముందు ఆదివారం సంచికకు, పాద ప్రక్షాళన గురించి అన్ని మతాలనూ కలుపుకుని రాయమన్నారు ఎడిటర్. గడువు దగ్గరపడుతున్నా నన్ను వదలనిది వాటికన్ కాగితం ఒక్కటే: 2016 జనవరి 6 తేదీ వేసిన చిన్న ఆజ్ఞాపత్రం.

కడరా భోజనం నాడు యేసు నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడని యోహాను సువార్త 13వ అధ్యాయం చెబుతుంది. పేతురు ససేమిరా అన్నాడు, తర్వాత లొంగాడు. కతోలిక గుళ్లలో పవిత్ర గురువారం నాడు ఫాదర్లు ఏటా ఆ పనే చేస్తారు. అయితే కడిగించుకునేవారు మగవాళ్లే అయి ఉండాలని పూజాగ్రంథంలో నియమం ఉండేది.

2013 మార్చి 28. ఎన్నికై పదిహేను రోజులే అయిన పోప్ ఫ్రాన్సిస్, రోమ్‌లోని కసాల్ దెల్ మార్మో బాల నేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండు మంది ముందు మోకరిల్లారు. వారిలో ఇద్దరు అమ్మాయిలు, అందులో ఒకరు ముస్లిం. నియమం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. 2014 డిసెంబర్ 20న, ఆరాధన వ్యవహారాలు చూసే కార్డినల్ రాబర్ట్ సారాకు మార్పు కోరుతూ పోప్ లేఖ రాశారు. ఆజ్ఞాపత్రం రావడానికి ఏడాది పైనే పట్టింది. స్త్రీలు, పురుషులు, యువకులు, వృద్ధులు, ఆరోగ్యవంతులు, రోగులు ఎవరైనా కూర్చోవచ్చని అందులో రాశారు. చట్టం భాషలో ఉన్న ఆ జాబితాను నేను మళ్లీ మళ్లీ చదువుకున్నాను. 2016 మార్చిలో రోమ్ దగ్గరి శరణార్థి శిబిరంలో ఆయన పాదాలు కడిగినవారిలో ముస్లింలు, ఎరిత్రియా స్త్రీలు, భారతదేశం నుంచి వెళ్లిన ఒక హిందువు ఉన్నారు. 2024లో రెబిబ్బియా మహిళా జైలులో పన్నెండు మందీ ఆడవాళ్లే. చక్రాల కుర్చీలోంచి ఆయన చేతికి అందేలా వాళ్లను ఎత్తైన వేదిక మీద కూర్చోబెట్టారు.

చరిత్ర క్లుప్తంగా: ఇంగ్లండ్ రాజులు ఒకప్పుడు పేదల కాళ్లు కడిగేవారు, ఇప్పుడు నాణేలు పంచుతున్నారు. 1955లో పోప్ పన్నెండో పయస్ సంస్కరణలతో పాద ప్రక్షాళన పవిత్ర గురువారం సాయంకాల పూజలో చేరింది.

మన దగ్గర? మహాభారతంలోని రాజసూయ యాగంలో బ్రాహ్మణుల కాళ్లు కడిగే పని కృష్ణుడు తీసుకున్నాడు. కుచేలుడికీ కడిగాడు. ఆ కథలు వింటూ కళ్లు తుడుచుకుంటాం. పెళ్లిపీటల మీద మాత్రం ఆడపిల్ల తండ్రే అల్లుడి కాళ్లు కడగాలి. వరుడు విష్ణుస్వరూపమని పురోహితులు చెప్పే కారణం తెలుసు. నాకది చాలదు. కన్నవాళ్లను వంచే ఆ నీళ్లు కుచేలుడికి కృష్ణుడు పోసిన నీళ్లతో సమానం కావు. కట్నం పుచ్చుకున్న కాళ్లయితే అసలే కావు.

మరికొన్ని

వుజూ: నమాజుకు ముందు ఎవరి పాదాలు వారే చీలమండల వరకు శుభ్రం చేసుకుంటారు. సున్నీలు కడుగుతారు, షియాలు తడిచేత్తో తుడుచుకుంటారు.

సిక్కులు: గురువు పాదం తాకిన నీళ్లను శిష్యులు తాగడమే తొలినాళ్ల దీక్ష. 1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ దాన్ని మాన్పించి, ఖండా అనే రెండంచుల కత్తితో కలిపిన అమృతాన్ని అయిదుగురికి ఇచ్చారు. తర్వాత వాళ్ల చేతుల మీదుగా తానూ పుచ్చుకున్నారు.