మార్మనులు – మత స్వాతంత్ర్యం

మార్మనులనగానే మనలో చాలామందికి బహుభార్యాత్వమే స్ఫురిస్తున్నది. ఆ ఆచారానికి వారి ప్రధాన సంఘం 1890లోనే స్వస్తి చెప్పినది. నేడు దానిని పాటించినవారిని వెలివేస్తున్నది. 1830లో జోసెఫ్ స్మిత్ న్యూయార్కు రాష్ట్రంలో స్థాపించిన ఈ సంఘం క్రీస్తునే రక్షకునిగా నమ్ముతూ, బైబిలుతోబాటు మార్మను గ్రంథాన్ని కూడా దైవవాక్యంగా స్వీకరిస్తున్నది. ఆ సిద్ధాంతాలు మాకు సమ్మతం కావు. అయినను తెలియకుండ నిందించడం న్యాయమనిపించుకోదు.

1838లో మిస్సోరీ గవర్నరు బాగ్స్, మార్మనులను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుండి వెళ్ళగొట్టాలి అని ఉత్తర్వు చేసినాడు. అది 1976లో గాని రద్దు కాలేదు! అలా తరిమివేయబడినవారు ఇల్లినాయి రాష్ట్రంలో నావూ పట్టణాన్ని నిర్మించుకొన్నారు. 1841లో ఆ పట్టణ సభ చేసిన శాసనం క్యాథలిక్కులకు, మెథడిస్టులకు, బాప్టిస్టులకే గాక, మహమ్మదీయులకు సైతం పేరు పెట్టి మరీ ఆరాధనా స్వేచ్ఛను ప్రకటించినది. ఆనాడు ఆ ఊరిలో ముస్లిములు ఉండిరని మేము అనుకోము. అందుచేతనే ఆ మాట మమ్ము ఆశ్చర్యపరచినది. అయితే 1844లో తమను విమర్శించిన పత్రిక ముద్రణయంత్రాన్ని ధ్వంసం చేయించినది కూడా ఆ సభయే. ఆ వ్యవహారంలో నిర్బంధింపబడిన స్మిత్‌ను కార్తేజ్ జైలులో ఒక మూక కాల్చి చంపినది. అనుచరులలో అధికులు బ్రిగ్‌హామ్ యంగ్ వెంట పడమరకు సాగినారు. వారిలో మొదటి బృందం 1847లో సాల్ట్ లేక్ లోయను చేరినది.